గోలీసోడా – నిజమైన చక్కెర

వేసవిలో ఎర్రగుంట్ల యెట్లుండునో కడపమండలము వారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. గనులలో నాపరాయి పెనమువలె కాగును; సిమెంటు కర్మాగారముల దుమ్ము గాలిలో నాడును; మదరాసు–బొంబాయి మార్గమున రైలు దిగిన ప్రయాణికుని నాలుక అంగిటి కంటుకొనును. అట్టిచోట చల్లని సోడా విలాసము గాదు, అవసరము. ఆ యవసరమును తరతరములుగా తీర్చిన గోలీసోడాను గూర్చియు, అందలి తీపిని గూర్చియు నేడు కొంత ముచ్చటింపదలచితిమి.

“పూర్వపు సోడా రుచి యిప్పటిదానికి లేదు” అని పెద్దలందురు. గడచినదెల్ల తీపియే యని యువకులు నవ్వుదురు. నవ్వుటకు ముందు విచారింపవలసినది కొంత గలదు.

నీటిలో బొగ్గుపులుసు వాయువును కలుపు విద్యను 1767లో ఇంగ్లండునందు జోసెఫ్ ప్రీస్ట్లీ కనుగొనెను. ఆ వాయువును సీసాలో బంధించుట కష్టమాయెను. 1872లో హైరమ్ కాడ్ అను ఇంజనీరు గోలీసీసాకు పేటెంటు పొందెను. సీసాను తలక్రిందుగ నింపుదురు, లోని వాయువు గోలీని మెడయందలి రబ్బరు చుట్టకు నొక్కిపట్టును, అదియే బిరడా. పుట్టినింట ఈ సీసా ఏనాడో మఱుగుపడినది. జపానులో ‘రామునే’ యను పేరను, మనయెడ గోలీసోడాగను నిలిచినది. పరదేశపు సీసాయైనను, దానిలో పోసిన రుచి మనది.

ఆ రుచులలో రాయలసీమకు ప్రత్యేకమైనది నన్నారి. నల్లమల యడవులలో దొరకు సుగంధిపాల వేళ్లను నలుగగొట్టి, కాచి, వడగట్టి, చక్కెరపాకము పట్టుదురు. గ్లాసులో ఆ పాకము, నిమ్మరసము, నానిన సబ్జాగింజలు వేసి, పైన సోడా కొట్టుదురు. ఇందు చక్కెర చేయుపని తీపి నిచ్చుట మాత్రమే గాదు. పాకమునకు చిక్కదన మిచ్చుచున్నది, చెడిపోకుండ నిలుపుచున్నది, వేరు వాసనను పట్టియుంచుచున్నది.

ఇక శాకరిన్ మాట. 1879లో బయల్పడిన ఈ రసాయనము చక్కెరకంటె సుమారు 300 రెట్లు తీపి. చిటికెడుతో బిందె తీపియగును, ఖర్చు తగ్గును. కాని చిక్కదనము రాదు, నాలుకపై చివర చేదు మిగులును. వేరునకు బదులు ఎసెన్సు, చక్కెరకు బదులు శాకరిన్ పడినచో రంగును పేరును మాత్రమే మిగులును. కావున పెద్దల ఫిర్యాదు కేవలము వయోధర్మము గాదు. వారి నాలుక సత్యమునే పలుకుచున్నది.

ఈ బెంగ మనకే గాదు. అమెరికాలో పెద్ద కంపెనీలు 1980 దశకమున చెఱకు చక్కెరను విడిచి మొక్కజొన్న పాకమును పట్టెను. ప్రజలు మఱువలేదు. చెఱకు చక్కెరతో మరల పానీయము తెత్తుమని కోకాకోలా కంపెనీ 2025 జూలైలో ప్రకటింపవలసివచ్చెను.

అట్లని మేము చక్కెరకు వందిమాగధులము గాము. ఆహారశక్తిలో కలిపిన చక్కెరల వంతు 10 శాతమునకు లోబడవలెననియు, 5 శాతమునకు దిగిన మఱింత మేలనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో చెప్పెను. ఈ 5 శాతము దినమునకు సుమారు 25 గ్రాములు. 300 మిల్లీలీటర్ల కోలా సీసాయొక్కటే ఆ గీటు దాటును. బరువు తగ్గుటకు కృత్రిమపు తీపిని నమ్మవలదని అదే సంస్థ 2023లో హెచ్చరించెను. కావున తగవు చక్కెరకును శాకరిన్‌కును గాదు. మితమునకును అమితమునకును, నిజమునకును మోసమునకును. మధుమేహము గలవాడు శాకరిన్ కోరిన తప్పులేదు. చక్కెరయని చెప్పి అది పోయుట తప్పు. కంపెనీ సీసాపై కృత్రిమపు తీపి పేరు ముద్రింపవలెనని చట్టము గలదు. గ్లాసులో పోసిన పాకమునకు చీటీ యెక్కడిది?

ఇక పన్ను. తీపి సోడాపై 2017 జూలైనుండి 28 శాతము పన్ను, 12 శాతము సెస్సు పడెను. 2025 సెప్టెంబరు 22నుండి నేరుగ 40 శాతమాయెను. చక్కెర హెచ్చైనను తగ్గైనను, మహాకంపెనీయైనను వీథిలోని చిన్న యంత్రమైనను, రేటు మాత్ర మొక్కటియే. చిన్న వ్యాపారులకు ఊరటయగు కాంపోజిషన్ పద్ధతినుండి 2019 అక్టోబరులో సోడా తయారీదారులను తొలగించిరి. మిక్కిలి చిన్నవాడు రిజిస్ట్రేషను గీటు క్రింద దాగియుండవచ్చును. ఎదుగ దలచినవానికి గీటు దాటగనే నలుబది శాతము! ఎదుగవలదని చెప్పుటకు ఇంతకంటె స్పష్టమైన భాష గలదా?

2025 మార్చిలో కేంద్రప్రభుత్వము గోలీసోడా అమెరికాకును గల్ఫు దేశములకును ఎగుమతియగుచున్నదని సగర్వముగ ప్రకటించెను. సంతోషమే. విదేశపు అంగడిలో నిలిచిన సీసా ఎర్రగుంట్ల బజారులోను నిలువవలదా? చక్కెర కొలతనుబట్టి పన్ను హెచ్చుతగ్గులు చేయుడు. చిన్న తయారీదారునకు పాతవెసులుబాటు మరల నిండు. పాకమున వాడిన తీపి యేదో అంగటిముందు పలకపై వ్రాయించుడు. ఈ మూడును ఖర్చుతో కూడిన పనులు గావు.

చదువరులకును ఒక మాట. రేపు నన్నారి సోడా త్రాగుటకు ముందు “ఇది చక్కెర పాకమేనా?” యని అడుగుడు. అడుగువారు హెచ్చైన కొలది అంగటివాడు నిజమైన పాకము పట్టుటకు జంకడు.