మీకు తెలుసా? రెండు నిమిషాల పందేనికి వారానికి 160 కిలోమీటర్లు!

1960 రోమ్ ఒలింపిక్స్‌లో, సెప్టెంబరు 2న, గంట వ్యవధిలోనే న్యూజిలాండ్‌కు రెండు స్వర్ణాలు దక్కాయి. 800 మీటర్లలో పీటర్ స్నెల్, 5000 మీటర్లలో ముర్రే హాల్‌బర్గ్. తర్వాత మారథాన్‌లో బారీ మెగీ కాంస్యం గెలిచాడు. ముగ్గురి గురువూ ఒక్కరే: ఆక్లాండ్‌లో బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసిన ఆర్థర్ లిడియార్డ్. తన పద్ధతిని ఆయన ముందు తన ఒంటిమీదే పరీక్షించుకున్నారు.

ఆ పద్ధతిలో మొదటి నెలల్లో వేగం కోసం ఆరాటపడకూడదు. అలసట మితిమీరని వేగంతో దూరం పెంచుకుంటూ వారానికి సుమారు 160 కిలోమీటర్లకు చేరాలి. ఆదివారం వైటాకెరె కొండల్లో 35 కిలోమీటర్ల పరుగు. రెండు నిమిషాల్లోపే పందెం ముగించే స్నెల్‌కూ మినహాయింపు లేదు! ఆ పునాది పడ్డాక ఎత్తు ఎక్కే పరుగులు, ఆపైన ట్రాక్ మీద వేగం, పోటీ దగ్గరపడ్డాక సాధన తగ్గింపు.

ఇలా మెల్లగా ఎందుకు? నిలకడైన పరుగుతో గుండె ప్రతి స్పందనకూ ఎక్కువ రక్తం పంపుతుంది, కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి. స్నాయువులు, ఎముకలు మాత్రం అంత త్వరగా గట్టిపడవు. ఊపిరి అందుతోంది కదా అని ఒక్కసారిగా దూరం పెంచేవారికి తరచూ నొప్పి పుట్టేది మోకాలి కింది ఎముకలో. శిష్యుణ్ణి ఉరికించడం కంటే ఆపగలగడమే కోచ్‌కు కష్టమైన పని.

ఈ పునాదితోనే 1964 టోక్యో ఒలింపిక్స్‌లో స్నెల్ 800, 1500 మీటర్లు రెండూ గెలిచాడు.