పాత ట్రాక్టరు: తుప్పు, రేకు, రంగు

ఎద్దు ముసలిదయితే గడ్డి వేసి కొట్టంలో వుంచుకునే రైతులు యిప్పటికీ లేకపోలేదు. ట్రాక్టరు ముసలిదయితే ఆ భాగ్యం దానికి పట్టదు. ఏ చింతచెట్టు కిందకో తోసేస్తారు. రెండు వానాకాలాలు గడిచేసరికి బానెట్టు మీద పొడలు లేస్తాయి. ఆ పైన మడ్‌గార్డు అంచు అప్పడంలా విరిగి చేతికి వస్తుంది. ఒకనాడు పాత ఇనుపసామాన్ల బేరగాడు వస్తాడు. తూకం లెక్కన ధర చెబుతాడు. అంతటితో ఆ బండి కథ ముగుస్తుంది.

విచిత్రమేమంటే, చాలా బండ్లలో అప్పటికి ఇంజను చెడిపోయి వుండదు. ఇంజనూ, గేరుపెట్టె మందమైన పోత ఇనుముతో చేసినవి. లోపల నూనె వుంటుంది. అవి సులభంగా చావవు. ముందు చచ్చేది పైనున్న పలుచని రేకు. కాని యజమాని చూసేది రేకునే. ముఖం చూసి, "యిక దీని పని అయిపోయింది" అనుకుంటాడు. అంటే పాత ట్రాక్టరు బతుకును తేల్చేది చాలాసార్లు ఇంజను కాదు, రేకేనన్నమాట!

బూడిదరంగు, ఎర్రరంగు

ప్రపంచంలో పాత ట్రాక్టర్లను ముచ్చటపడి బాగుచేసుకునేవారికి బాగా తెలిసిన బండి ఫెర్గుసన్ టీఈ 20. ఇంగ్లండులోని కవెంట్రీలో 1946 నుంచి 1956 దాకా అయిదు లక్షలకు పైగా తయారయింది. ఆపాదమస్తకం ఒకటే రంగు, బూడిదరంగు. అందుకే ఆ దేశపు రైతులు దాన్ని ముద్దుగా "చిన్న బూడిదబండి" అనేవారు. ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరింది యీ ఫెర్గుసన్ ట్రాక్టర్ల మీదనే.

1953లో మాసీ హారిస్ కంపెనీ, ఫెర్గుసన్ కంపెనీ ఒకటయ్యాయి. తరువాత కొద్ది సంవత్సరాలకే ఎర్ర రేకు, బూడిదరంగు ఇంజనుతో మాసీ ఫెర్గుసన్ 35 వచ్చింది. 1960లో ఆ కంపెనీ సహకారంతో మద్రాసులో టాఫే సంస్థ ఏర్పడింది. అంతకు ముందు సంవత్సరమే, 1959లో, ఫరీదాబాదులో ఐషర్ ట్రాక్టరు తయారయింది. 1963లో మహీంద్రావారు ఇంటర్నేషనల్ హార్వెస్టరుతో కలిసి ట్రాక్టర్ల కంపెనీ పెట్టారు. మన పల్లెల్లో మూలబడి వున్న పాత బండ్లలో పెక్కింటి వంశవృక్షం యిదే.

తుప్పు ఎక్కడ పుడుతుంది?

ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు — యీ మూడూ కలిస్తే తుప్పు. ఉప్పు తోడయితే ఆ పని మరింత వేగం. కోస్తా గాలిలో ఉప్పుంది. ఎరువుల బస్తాల దుమ్ములో ఉప్పులాంటి లవణాలున్నాయి. బ్యాటరీ నుంచి కారే ఆమ్లం సరేసరి. బ్యాటరీ కింది తట్ట చిల్లులు పడని పాత బండి అరుదు.

అన్నింటికన్నా పెద్ద శత్రువు మన దమ్ము బురద. మడ్‌గార్డు లోపలి మడతలో పేరుకున్న మట్టి పైకి ఎండినట్టే కనిపిస్తుంది. లోపల చెమ్మ అట్లాగే వుంటుంది. పైన రంగు నిగనిగలాడుతుండగానే వెనకనుంచి రేకును తినేస్తుంది. తుప్పు తాను తిన్న ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక, రంగు బుడగలా ఉబ్బుతుంది. చిన్న బుడగ కనిపించిందంటే, దాని కింద రూపాయి బిళ్లంత జబ్బు వున్నదని తెలుసుకోవాలి. దాన్ని గోకి, పైన రంగు పూస్తే "పైన పటారం, లోన లొటారం" అన్న సామెతే నిజమవుతుంది. వచ్చే వానలకు మళ్లీ అదే చోట ఉబ్బు.

విప్పడంలోనే సగం పని

బానెట్టు, ముందు జల్లి, మడ్‌గార్డులు, దీపాల గిన్నెలు — అన్నీ విప్పాలి. బండి మీద వుండగా రంగు వేస్తే రేకులు కలిసేచోట, బోల్టుల కింద తుప్పు భద్రంగా మిగిలిపోతుంది. విప్పేముందు ఫొటోలు తీసుకోవాలి. బోల్టులు దేనికవి వేరు వేరు డబ్బాల్లో వేసి, పేర్లు రాసిపెట్టాలి. పట్టేసిన బోల్టుకు ముందురోజు రాత్రే తుప్పు విడిపించే నూనె పోస్తే మర్నాడు సగం కష్టం తగ్గుతుంది.

యిక్కడ ఒక హెచ్చరిక. ఇంధనపు ట్యాంకుకు చిల్లు పడిందని వెల్డింగు మంట పెట్టడం ప్రాణాంతకం. "ఖాళీగానే వుంది కదా" అనుకోవడమే మృత్యువుకు పిలుపు. నిండు ట్యాంకుకంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం. ఎందుకంటే పేలేది ద్రవం కాదు, గాలితో కలిసిన ఆవిరి. డీజిలుకు ఆ భయం లేదనుకోవడం కూడా పొరపాటే. సబ్బునీళ్లతో కడిగినా, మడతల్లో దాగిన చుక్క మంట వేడికి ఆవిరై లేస్తుంది. అటువంటి ట్యాంకును తీసేసి, ఆ పని తెలిసిన దుకాణానికి అప్పగించడం, లేదా వేరే ట్యాంకు కొనుక్కోవడం మేలు. ట్యాంకుకు ధర వుంది, మనిషికి లేదు.

సొట్ట తీసే చేతులు

సొట్టను వెనకనుంచి సుత్తితో బాదితే పోతుందని చాలామంది భ్రమ. బాదితే రేకు సాగుతుంది. సాగిన రేకు డబ్బా మూత అదిమినట్టు "టప్" మని లోపలికి పోతుంది, "టప్" మని బయటికి వస్తుంది. నిలకడగా వుండదు. చేయి తిరిగిన టింకరింగు మేస్త్రి ఒక చేత్తో రేకు వెనక నున్నని ఇనుపదిమ్మ ఆనిస్తాడు. రెండో చేత్తో సుత్తిని చిన్న చిన్న దెబ్బలుగా ఆడిస్తాడు. సొట్ట పుట్టిన క్రమానికి ఎదురు నడుస్తాడు: చివర పడిన వంకరను ముందు తీసి, మొదట దెబ్బ తగిలిన నడిబొడ్డుకు ఆఖరున వస్తాడు. కంటితో కాదు, అరచేత్తో చూస్తాడు. గుడ్డ చుట్టిన చేయి రేకు మీద జారిస్తే, కంటికి ఆనని మెట్ట పల్లాలు చేతికి తెలుస్తాయి.

మరి సాగిపోయిన రేకును కుదించడం ఎట్లా? యిదొక చక్కని చమత్కారం. సాగినచోట నడుమ నాణెమంత మేర ఎర్రగా కాలుస్తారు. కాలిన లోహం వ్యాపించాలని చూస్తుంది. చుట్టూ వున్న చల్లని రేకు చోటివ్వదు. దిక్కులేక అది అక్కడే మందమవుతుంది. చల్లారినప్పుడు మునుపటికంటే కుదించుకుని చుట్టుపక్కల రేకును తనవైపు లాక్కుంటుంది. తడిగుడ్డ అద్దగానే ఆ "టప్ టప్" ఆగిపోతుంది. ఒక బొట్టు చాలకపోతే పక్కన మరొకటి.

మాటు వేయడం

తుప్పు తిన్న మేర కత్తిరించాలి. ఎంతవరకు? మెరిసే ఇనుము కనిపించేదాకా. యిక్కడ జాలి పనికిరాదు. తరువాత అదే మందం రేకును ఆ కొలతకు కోసి, అంచుకు అంచు ఆనేట్టు అమర్చి అతకాలి. పాత రేకు మీద కొత్త రేకు పరచి చుట్టూ అతికితే పని తొందరగా అవుతుంది. కాని ఆ రెండింటి నడుమ నీరు దూరి కాపురం పెడుతుంది.

పాత ట్రాక్టర్ల రేకు కార్ల రేకుకంటే మందం. ఒక మిల్లీమీటరు దాటి వుండడం సాధారణం. అయినా ఒకే వరసగా అతుక్కుంటూ పోతే వేడికి రేకు అలలా వంకరపోతుంది. అందుకని యిక్కడొక చుక్క, ఎదురంచున ఒక చుక్క, చల్లారనిచ్చి నడుమ మరొక చుక్క. ఆడవారు లంగా ఓణీకి అంచు కుట్టే ముందు అక్కడక్కడ పొడికుట్లు వేసినట్టు. తొందరపడినవాడు గంటలో అతికి, రోజంతా వంకర తీస్తాడు.

పాత రంగులో విషం

పాత రంగు వదిలించేటప్పుడు జాగ్రత్త. ఆ కాలపు రంగుల్లో సీసం కలిసి వుండే అవకాశం ఎక్కువ. మనదేశంలో ఇంటికి వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నియమం అమలుకు వచ్చిందే 2017 నవంబరు 1న. ట్రాక్టరు మీది రంగు అంతకు ఎంతో ముందుది. అందుచేత పొడి రేకును ఉప్పుకాగితంతో రుద్ది దుమ్ము లేపకూడదు. రంగు వదిలించే మందు పూసి గోకడమో, తడి చేసి రుద్దడమో చేయాలి. రాలిన పొట్టును దొడ్లో కోళ్లు తిరిగేచోట పారబోయరాదు. పసిపిల్లలను ఆ దరిదాపులకు రానివ్వరాదు. పనిబట్టలతో వచ్చి బిడ్డను ఎత్తుకోవడం కూడా తగదు. సీసం పసివాళ్ల మెదడుకు చేటు.

రేకు మీద మిగిలిన సన్నని తుప్పును ఫాస్ఫారిక్ ఆమ్లం వున్న ద్రావణం నల్లని గట్టి పొరగా మారుస్తుంది. ఆ తరువాత ఆ మందు చెప్పినట్టు శుభ్రం చేసి, బాగా ఆరనిచ్చి, ఆలస్యం లేకుండా ప్రైమరు వేయాలి. మెరిసే వట్టి ఇనుమును చెమ్మగాలిలో ఒక్కరాత్రి వదిలితే తెల్లవారేసరికి పసుపు పూసుకుని కూర్చుంటుంది.

పుట్టీ, రంగు

పుట్టీ అన్నది పల్లాలు పూడ్చడానికే గాని చిల్లులు పూడ్చడానికి కాదు. రెండు మూడు మిల్లీమీటర్లు మించితే, ట్రాక్టరు అదురుకు ఏదో ఒకరోజు పెళ్లలుగా వూడుతుంది. పైగా అది నీరు పీలుస్తుంది. కాబట్టి పుట్టీని పొడిగానే, ముక్కుకు మంచి ముసుగు తగిలించుకుని రుద్దాలి. సమంగా వచ్చిందో లేదో చూడడానికి పైన నల్లరంగు పలచగా చల్లి, చదునైన చెక్కకు కాగితం చుట్టి రుద్దుతారు. నలుపు మిగిలినచోట పల్లం వున్నట్టు లెక్క.

రంగు ఒకేసారి దట్టంగా కొడితే కన్నీళ్లలా కారుతుంది. పలచగా మూడు పూతలు మేలు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎనామిలు పైపొర ముందే ఆరి ముడతలు పడుతుంది. ముసురులో అసలు ఆరదు. సంక్రాంతి వెళ్లాక, మంచు విడిచిన ఉదయం పూట మంచి సమయం. నేల మీద నీళ్లు చల్లితే దుమ్ము లేవదు.

గట్టిపడే ద్రావణం కలిపి కొట్టే కొత్తరకం రంగులు ఎక్కువకాలం మన్నుతాయి, నిజమే. కాని వాటిలో చాలావాటి గట్టిపరిచే ద్రావణంలో ఐసోసయనేట్లు అనే పదార్థాలుంటాయి. వాటి తుంపర పీల్చినవారికి ఉబ్బసం పట్టుకోవచ్చు. ఒకసారి పట్టుకుంటే ఆపైన కొద్దిపాటి తుంపర కూడా పడదు. ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని యీ రంగు కొట్టడం ఆత్మవంచన. బయటి శుభ్రమైన గాలిని గొట్టం ద్వారా అందించే ముసుగు వున్నచోటనే ఆ పని జరగాలి. అది లేదంటే మామూలు ఎనామిలే శ్రేయస్కరం. మెరుపు నాలుగేళ్లు తక్కువయినా, పెయింటరు ఊపిరి నాలుగు కాలాలు నిలుస్తుంది.

ఏ రంగు? ఎంత రంగు?

అసలు రంగు ఏదో తెలియాలంటే బానెట్టు లోపలివైపు, పేరుబిళ్ల కింద, బిగింపుల చాటున చూడాలి. ఎండ సోకని ఆ చోట్ల కర్మాగారపు రంగు ఇంకా దాగివుంటుంది. దుకాణంవాడికి ఎండకు వెలిసిన ముక్క కాక, ఆ ముక్కను చూపించాలి.

అయితే ప్రతి పాత బండికీ కొత్త రంగు తప్పనిసరా? రేకు గట్టిగా వుండి, రంగు వెలిసిందే తప్ప ఊడకపోతే, కడిగి నూనెగుడ్డతో తుడిచి వుంచుకునేవారూ వున్నారు. మడ్‌గార్డు మీద తాతగారు రాయించిన ఇలవేల్పు పేరు, ఇంటి ఆడపడుచు పేరు, పాదాల ఒరిపిడికి నున్నబడిన మెట్టు — యివి ఏ డబ్బాలోనూ దొరికే రంగులు కావు. ఒకసారి గోకితే మళ్లీ రావు. తుప్పు తినేస్తున్నచోట తప్పదు. అక్కడ కూడా ముందు ఆ అక్షరాలను కాగితం మీద అచ్చు దింపుకుంటే, కొత్త రంగు మీద అదే వంపుతో తిరిగి రాయించవచ్చు.

పని పూర్తయినాక చేయవలసింది ఒక్కటే వుంది. దమ్ము ముగిసిన సాయంత్రమే మడ్‌గార్డు లోపలికి చేయి పెట్టి మడతల్లో మట్టి కడగాలి. నీరు జారే రంధ్రాలను పుల్లతో శుభ్రం చేయాలి. దసరాకు పసుపు, కుంకుమ పెట్టి పూజ చేసే బండికి, దమ్ము రోజుల్లో రెండు బిందెల మంచినీళ్లు పోయడం పెద్ద ఖర్చేమీ కాదు.