కనిపించని దెబ్బ

పిల్లవాడికి చెయ్యి విరిగిందనుకోండి. పిండికట్టు వేస్తారు, మెడలో గుడ్డకట్టి వేలాడదీస్తారు. చూడవచ్చినవాళ్లు ఆ కట్టు చూసి "అయ్యో పాపం!" అంటారు, బత్తాయిపళ్లు తెచ్చిస్తారు. తలలోపల తగిలిన దెబ్బకి కట్టు లేదు. కట్టు లేదు గనక జాలీ లేదు. ఆ "అయ్యో" అనవలసిన వాళ్లలో మొదటివాణ్ణి నేనే అయివుండి కూడా చాలా రోజులు అనలేకపోయాను. ఆ సంగతి నలుగురితో చెప్పుకుంటే మరో తండ్రికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

నేను కాకినాడలో ఒక కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకు బతుకుతున్నవాణ్ణి. మాకు ఒక్కతే అమ్మాయి. 2024 ఆగస్టులో, దానికి పన్నెండో యేడు నడుస్తూండగా, ఒక సాయంత్రం స్కూటరు వెనక కూచోబెట్టుకుని సంగీతం మాష్టారింటికి బయలుదేరాను. అప్పుడే వాన వెలిసింది. మలుపులో ఎవరో ఇల్లు కట్టుకుంటూ రోడ్డుమీద పోయించుకున్న ఇసకలో చక్రం జారింది. నా తలకి హెల్మెట్టు ఉంది. దాని తలకి లేదు. నాలుగేళ్లు దాటిన ప్రతివారూ పెట్టుకోవాలని 2019లో చట్టాన్నే సవరించారు. అయినా "పక్క వీధే కదా" అనుకున్నాను. ఆ మూడు ముక్కలూ తరవాత ఎన్ని రాత్రులు నాకు నిద్ర లేకుండా చేశాయో చెప్పలేను.

అమ్మాయి ఒక్కసారి వాంతి చేసుకుంది. కాసేపు అడిగిందే అడిగింది. ఆసుపత్రిలో స్కాను తీసి, "ఏమీ లేదండీ, ఇంటికి తీసుకువెళ్లండి" అన్నారు. ఆ మాట మాకు అమృతం పోసినట్టయింది. మా అమ్మ దిష్టి తీసింది, మా ఆవిడ సుబ్బారాయుడికి మొక్కుకుంది. వారం రోజులకి బడికి పంపించాం.

అసలు కథ అప్పుడు మొదలయింది. మధ్యాహ్నానికల్లా తలనొప్పని ఇంటికి వచ్చేసేది. ట్యూబులైటు వేస్తే కళ్లు మూసుకునేది. మిక్సీ తిరుగుతుంటే చెవులు మూసుకుని ఏడ్చేది. చీమకైనా అపకారం తలపెట్టని పిల్ల, ఒకరోజు పాలగ్లాసు తీసి గోడకేసి కొట్టింది. రాత్రి నిద్ర లేదు, పొద్దున లేవదు. నెల పరీక్షలో లెక్కలకి ఇరవైఅయిదుకి ఆరు వచ్చాయి. స్కానులో ఏమీ లేదన్నారు గదా, ఇదంతా బడి ఎగ్గొట్టడానికి వేసే వేషమని నాకు అనుమానం పట్టుకుంది.

నిజం తేల్చాలనుకున్నాను. ఒక రాత్రి ఎదురుగా నిలబెట్టి, ఆరేళ్లప్పుడు నా వొళ్లో కూచుని నేర్చుకున్న భాగవత పద్యం చెప్పమన్నాను. రెండు పాదాలు చెప్పి ఆగిపోయింది. నేను గద్దించాను. అది నా మొహంలోకి చూసి, "నాన్నా, పద్యం ఉంది. నాకే దొరకటం లేదు" అంది. కాసేపుండి, "స్కానులో ఏమీ లేదన్నారుగా. అయితే నేను అబద్ధమాడుతున్నానా?" అని అడిగింది.

ఇరవైయేళ్లుగా పాఠం చెబుతున్నాను. ఏ విద్యార్థీ నన్ను అంత కష్టమైన ప్రశ్న అడగలేదు.

మర్నాడే సెలవు పెట్టి, విశాఖపట్నంలో నరాల వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన ముందు పిల్లతోనే మాట్లాడాడు. "నువ్వు చెప్పేవన్నీ నిజమేనమ్మా. వీటికి ఒక పేరుంది" అన్నాడు. ఆ ఒక్క మాటతో దాని భుజాలు తేలికపడటం నేను చూశాను. తరవాత నాకు బోధపరిచాడు. దీన్ని కంకషన్ అంటారు. ఎముక విరిగినా, రక్తం గడ్డకట్టినా స్కానులో కనిపిస్తాయి. దీంట్లో మెదడు ఆకారం చెడదు, పనిచేసే తీరు దెబ్బతింటుంది. "మీ యింట్లో వోల్టేజి పడిపోయిందనుకోండి. గోడలన్నీ బాగానే ఉంటాయి. కాని ఫ్యానూ, మిక్సీ, మోటారూ ఒక్కసారి వేస్తే ఏదీ తిరగదు. వెలుతురు, చప్పుడు, చదువు మూడూ ఒక్కసారి ఈ పిల్లమీద పడేస్తున్నారు మీరు" అన్నాడు. చాలామంది పిల్లలకి నాలుగు వారాల్లో సర్దుకుంటుంది. కొందరికి సర్దుకోదు. కెనడాలో తలదెబ్బతో ఆసుపత్రులకి వచ్చిన సుమారు మూడువేలమంది పిల్లలను పరిశీలించి 2016లో ప్రచురించారు. వాళ్లలో నూటికి ముప్ఫైమందికి నెల దాటినా బాధలు పోలేదట. మా పిల్ల ఒంటరిది కాదన్నమాట.

చీకటిగదిలో నెలల తరబడి పడుకోబెట్టాలేమోనని నేను భయపడ్డాను. అది పాతకాలపు పద్ధతి అన్నాడాయన. విశ్రాంతి మొదటి ఒకటి రెండు రోజులకే. ఆ తరవాత రోజూ నెమ్మదిగా నడిపించాలి, కొంచెం కొంచెంగా పెంచాలి. ఏదైనా పని చేస్తే నొప్పి కాస్త పెరిగి గంటలోపల తగ్గిపోతే ఫరవాలేదు. అంతకు మించితే ఆ పని తగ్గించాలి. నొప్పిబిళ్లలు రోజూ మింగిస్తే ఆ బిళ్లలవల్లే తలనొప్పి పట్టుకుంటుంది. పూర్తిగా నయమయ్యేదాకా తలకి మరో దెబ్బ తగిలే ఆటలు వద్దే వద్దు.

ఇహ మా యింట్లో ఒక నోటుబుక్కు వెలిసింది. ఎప్పుడు లేచింది, ఎంతసేపు చదివింది, ఎప్పుడు నొప్పి వచ్చింది, అన్నీ మా ఆవిడ రాసేది. పదిరోజులకి కొన్ని సంగతులు తేలాయి. పుస్తకం పావుగంట చదవగలుగుతోంది. బోర్డు చూసి రాసుకోవడం మాత్రం అయిదు నిమిషాలు కూడా చేతకాదు. తల ఎత్తడం, దించడం, చూపు మార్చడం, కష్టమంతా అక్కడుంది. దానికి ఒక ఫిజియోథెరపీ ఆవిడ కసరత్తు చెప్పింది. గోడమీద ఒక అక్షరం అంటించి, చూపు దానిమీదే నిలిపి, తల అటూ ఇటూ తిప్పాలి. అట్టముక్కమీద పెద్ద 'అ' రాసి అంటించాను. పన్నెండేళ్ల పిల్లకి రెండోసారి అక్షరాభ్యాసం చేయించినట్టయింది.

బడిలో హెడ్‌మిస్ట్రెస్ మొదట ఒప్పుకోలేదు. "చూడటానికి బాగానే ఉందిగా" అన్నారు. ఆవిడ మీద కోపం తెచ్చుకునే హక్కు నాకెక్కడిది? నెల రోజులు నేనూ ఆ మాటే అన్నాను గదా! డాక్టరుగారి చీటీ, మా నోటుబుక్కూ చూపించాక దారికొచ్చారు. మొదట పూటబడి. బోర్డుమీది నోట్సు పక్క అమ్మాయి రాసిస్తే నకలు. పరీక్ష మధ్యలో పదినిమిషాలు విరామం. అడిగింది ఇంతే.

మా అమ్మ ఏ వైద్యమూ చదవలేదు. రాత్రి దీపం ఆర్పేసి కాశీమజిలీ కథ ఒకటి తీసుకుని, రోజుకింత చొప్పున చిన్నగొంతుతో చెప్పేది. చెప్పినది మర్నాడు కొంత మరిచిపోతే, విసుక్కోకుండా మళ్లీ మొదటినించి చెప్పేది. నేను గద్దించి అడిగినదానికీ, ఆవిడ ఓపికగా చెప్పినదానికీ తేడా అప్పుడు తెలిసింది నాకు.

2025 సంక్రాంతికి నేనొక తప్పు చేశాను. నయమయిందనుకుని మా పెద్దక్కయ్య వూరు తీసుకువెళ్లాను. మైకులు, పిల్లల కేకలు, రాత్రిళ్లు జాగారం. మూడు రోజుల ముచ్చటకి రెండు వారాలు వెనక్కి పోయాం. ఇది మెట్లెక్కినట్టు తిన్నగా సాగదు. నాలుగడుగులు ముందుకీ రెండడుగులు వెనక్కీ. వెనకడుగు వేసినప్పుడు పిల్లకంటే తల్లిదండ్రులే ఎక్కువ బెంబేలు పడతారు. మనం పడితే పిల్ల ఇంకా పడుతుంది.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. తలకి దెబ్బ తగిలాక మాటిమాటికీ వాంతులయినా, నొప్పి అంతకంతకూ పెరిగినా, లేపినా సరిగా లేవకపోయినా, మాట తడబడినా, ఫిట్సు వచ్చినా, ఒక కంటి పాప పెద్దదయినా ఒక్క క్షణం ఆగకండి, ఆసుపత్రికి పరుగెత్తండి. అవేవీ లేక, స్కానులో ఏమీ లేక, వారాలు గడిచినా పిల్ల "నొప్పి" అంటే నమ్మండి. పక్క వీధికయినా సరే, రెండో హెల్మెట్టు కూడా తీయండి. అది ప్రతి దెబ్బనీ ఆపదు గాని, ప్రాణంమీదికి వచ్చేవాటిలో చాలావాటిని ఆపుతుంది.

2025 జూన్‌లో బడి తెరిచినప్పటినించి మా అమ్మాయి రెండుపూటలా వెళుతోంది. పెళ్లిమేళం వినబడితే ఇప్పటికీ పక్కగదిలోకి వెళ్లిపోతుంది. ఎందుకని ఎవరూ అడగం. ఆ పద్యం నేను మళ్లీ చెప్పమనలేదు. ఒకనాడు పెరట్లో మల్లెమొగ్గలు కోస్తూ తనలో తను చదువుకుంటూండగా వినిపించింది. మూడో పాదం వస్తుందో రాదో చూద్దామని ఒక్క నిమిషం ఆశ పుట్టింది. నిలబడలేదు. చప్పుడు చెయ్యకుండా లోపలికి వచ్చేశాను.