వెనక బెంచీ దాకా మాట

టీచరు మాట ముగిసినా దాని శబ్దం గదిలో వెంటనే అణగదు. సిమెంటు పూసిన గోడలు, శ్లాబు, బండల నేల తమ మీద పడ్డ శబ్దంలో నూటికి 95 పాళ్లకు పైగా తిప్పికొడతాయి. ఒక మాట మోత తగ్గకముందే తర్వాతి మాట వచ్చి దాని మీద పడుతుంది. ఇలా నిలిచే మోతనే ప్రతినాదం అంటారు. అచ్చులకు బలం ఎక్కువ. క, త, ప లాంటి హల్లులు క్షణంలో పలికి పోతాయి కాబట్టి ఆ మోతలో ముందుగా మునిగేవి అవే. డిక్టేషన్‌లో టీచరు ‘తల’ అంటే వెనక బెంచీ పిల్లాడు ‘కల’ అని రాయవచ్చు. వాడిది పరధ్యానమని తేల్చేముందు గదిని అనుమానించాలి. వినపడని ముక్కను పెద్దవాళ్లు సందర్భాన్ని బట్టి పూరించుకుంటారు. పిల్లలకు అంత భాష ఇంకా పట్టుబడి ఉండదు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్ మీడియం అయితే కష్టం మరీ ఎక్కువ.

ఈ మోతకు లెక్క కట్టింది హార్వర్డ్ అధ్యాపకుడు వాలెస్ క్లెమెంట్ సాబిన్. అక్కడి ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాల్లో ఉపన్యాసాలు అర్థం కాకపోతే 1895లో దాన్ని సరిచేసే పని ఆయనకు అప్పగించారు. ఖాళీ హాల్లో మోత సుమారు అయిదున్నర సెకన్లు నిలిచేది. సాండర్స్ థియేటర్ నుంచి సీట్ల మెత్తలు రాత్రిపూట తెప్పించి, కొన్ని కొన్నిగా పరుస్తూ, ఆర్గన్ గొట్టం మోగించి స్టాప్‌వాచీతో కొలిచేవారు. తెల్లారేసరికి మెత్తలు మళ్లీ థియేటర్‌కు చేరేవి. అలా తేలిందే నేటికీ వాడుతున్న సూత్రం: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గది మొత్తం పీల్చుకునే శక్తితో భాగిస్తే మోత ఎన్ని సెకన్లో వస్తుంది. ఆ శక్తికి కొలత తెరిచిన కిటికీ: అది ఒక చదరపు మీటరుంటే ఒక యూనిట్. దాని మీద పడ్డ శబ్దమంతా బయటికే పోతుంది.

చిన్న తరగతి గది ఖాళీగా ఉన్నప్పుడు మోత 0.6 సెకన్లు మించకూడదని, చుట్టుపక్కల రొద 35 డెసిబెల్స్ దాటకూడదని అమెరికా ప్రమాణం. 7 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, మూడున్నర మీటర్ల ఎత్తు గదికి దాదాపు 40 యూనిట్లు కావాలి. 70 శాతం శబ్దాన్ని పీల్చే పలకలు శ్లాబు కింద అంతటా వేస్తే 29 వస్తాయి. వెనక గోడకు 10 చదరపు మీటర్ల మెత్తటి బోర్డులతో మరో 7. మిగతాది బల్లలు, గోడలు చాలావరకు పూడుస్తాయి.

మోతను కొలవడానికి బెలూన్ పగలగొట్టి, ఆ చప్పుడు 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే సమయం చూస్తారు. ఫోన్ యాప్‌తోనూ ఉజ్జాయింపుగా తెలుస్తుంది. రొదను మాత్రం పిల్లలు లేనప్పుడు, ఫ్యాన్లు తిరుగుతుండగా కొలవాలి. టీచరు గొంతు రొదకంటే 15 డెసిబెల్స్ పైన ఉండాలి. మోగే గదిలో మైకు పెడితే మోత కూడా పెరుగుతుంది కాబట్టి అది మందు కాదు. కిర్రుమనే ఫ్యాన్లు బాగుచేయించడం, కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులు వేయడం చవకైన పనులు. థర్మోకోల్ అతికిస్తే శబ్దం తగ్గదు. లోపలికి గాలి ఆడే మెత్తటి పదార్థమే శబ్దాన్ని పీల్చుకుంటుంది. వేసవి సెలవుల్లో గోడలతోపాటు శ్లాబు కింది పలకలకూ రంగు వేసేస్తే రంధ్రాలు పూడుకుపోయి గది మళ్లీ మోగడం మొదలెడుతుంది.