రెండు ఇంధనాల కారులో పెట్రోలు పంపు విద్యుత్ లోపాలు

పెట్రోలు ట్యాంకుతో పాటు సి.ఎన్.జి. లేదా ఎల్.పి.జి. సిలిండరు కూడా అమర్చిన కారును రెండు ఇంధనాల కారు అంటారు. ఇటువంటి కారు గ్యాసుతో చక్కగా నడిచి, పెట్రోలుకు మార్చగానే ఆగిపోతే నింద సాధారణంగా పెట్రోలు పంపు మీద పడుతుంది. అయితే లోపం పంపులోనే ఉండనక్కరలేదు. దానికి కరెంటు చేర్చే ఫ్యూజు, రిలే, వైర్లు, ఎర్తులలో ఏది చెడినా లక్షణం ఒకటే. ఇవి చూడకుండా పంపు మార్చితే డబ్బు పోతుంది, లోపం మిగులుతుంది.

విద్యుత్ మార్గం

ఇంజెక్షన్ పద్ధతి గల కార్లలో పంపు సాధారణంగా ట్యాంకు లోపలే ఉంటుంది. (కార్బురేటరు గల పాత ఆటోలలో పెట్రోలు తన బరువుతోనే కిందికి దిగుతుంది కనుక వాటికి ఈ వ్యాసం వర్తించదు.) పంపు 12 వోల్టుల మోటారుతో తిరుగుతుంది. చుట్టూ ఉన్న పెట్రోలే దానిని చల్లబరుస్తుంది. కరెంటు బ్యాటరీ నుండి ఫ్యూజుకు, రిలేకు, ట్యాంకు పైనున్న కనెక్టరుకు, అక్కడి నుండి పంపుకు చేరి, బాడీ ఎర్తు ద్వారా తిరిగి వస్తుంది. గ్యాసు కిట్టు బిగించేటప్పుడు కొందరు ఈ వైరును కోసి మరొక రిలేను కలుపుతారు. కారు గ్యాసుతో నడిచేటప్పుడు అది పంపును ఆపుతుంది. టేపు చుట్టిన ఆ అతుకునే మొదట అనుమానించాలి. అటువంటి రిలే లేని కొన్ని కార్లలో గ్యాసుతో నడుస్తున్నా పంపు తిరుగుతూనే ఉంటుంది. పొదుపు కోసం ట్యాంకులో లీటరో రెండు లీటర్లో మాత్రమే ఉంచే అలవాటు అక్కడ పంపును కాల్చివేస్తుంది.

రాయలసీమలో

కర్నూలు నుండి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరుల మీదుగా కడప చేరే 40వ నంబరు జాతీయ రహదారి దూరం రమారమి 200 కిలోమీటర్లు. దారిలో గ్యాసు అయిపోతే పెట్రోలే ఆధారం. వేసవిలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఉదయం బాగా పనిచేసి మధ్యాహ్నం ఆగిపోయి, చల్లారాక మళ్ళీ తిరిగే పంపు విషయంలో రిలే లోపలి టంకంలో పగులును, వదులైన కనెక్టరును కూడా అనుమానించాలి. వేడికి లోహం వ్యాకోచించి ఆ పగులు విడిపోతుంది. నల్లరేగడి దుమ్ము కనెక్టరు పిన్నులలో చేరి, తొలకరి తడికి తుప్పును పెంచుతుంది.

పరీక్షించే విధానం

గ్యాసుతో ఇంజను సాఫీగా నడిస్తే ప్లగ్గులు, కంప్రెషను దాదాపు బాగున్నట్లే. వెతకవలసినది పెట్రోలు వైపు మాత్రమే.

స్విచ్చును పెట్రోలుకు మార్చి, తాళంచెవి తిప్పగానే వెనుక సీటు వద్ద చెవి పెట్టి వినాలి. చాలా కార్లలో పంపు రెండు మూడు సెకన్లు మాత్రమే గుయ్యిమని ఆగుతుంది. ఇంజను తిరిగితేనే మళ్ళీ నడుస్తుంది. కనుక ఆ తరువాత మీటరు సున్నా చూపినంత మాత్రాన వైరు తెగిందని అర్థం కాదు. ఈ సంగతి తెలియక పొరపడేవారు చాలామంది.

శబ్దం లేకపోతే ఫ్యూజు చూసి, రిలే స్థానంలో అదే రకపు మరొక రిలేను పెట్టి చూడాలి. తరువాత కనెక్టరు వద్ద, పంపుకు కరెంటు అందే సమయంలోనే, వోల్టేజి కొలవాలి. కనెక్టరు ఊడదీసి కొలిస్తే నాలుగు పోగులే మిగిలిన వైరు కూడా 12 వోల్టులు చూపుతుంది. కనెక్టరు తగిలించే ఉంచి కొలిచినప్పుడు బ్యాటరీ కంటే ఒక వోల్టుకు మించి తగ్గితే దారిలో నిరోధం ఉన్నట్లు. ఎర్తు పిన్నుకూ బ్యాటరీ నెగెటివుకూ మధ్య అర వోల్టు కనిపించినా ఎర్తు చెడినట్లే. పెట్రోలు ముల్లు కూడా తప్పు చూపుతుంటే ఈ అనుమానం బలపడుతుంది, ఎందుకంటే అనేక కార్లలో రెండింటికీ ఎర్తు ఒకటే.

ట్యాంకు మూత తీసి ఉన్నప్పుడు, పెట్రోలు వాసన వస్తున్నప్పుడు ఈ పరీక్షలు చేయరాదు. చిన్న నిప్పురవ్వ చాలు. సిలిండరు వాల్వు ముందే మూసివేయాలి.

పూర్తి వోల్టేజి అందుతూ, ఎర్తు బాగుండి, అయినా పంపు కదలకపోతే అప్పుడు పంపునే మార్చాలి. పంపు తిరుగుతూ ఒత్తిడి కూడా సరిగా ఉండి ఇంజను ఆగిపోతుంటే, గ్యాసు కిట్టు పెట్రోలు ఇంజెక్టర్లను తిరిగి కలపడం లేదేమో చూడాలి. ఆ లోపానికి పంపుతో సంబంధం లేదు.