పాత కారులో అరిగిన భాగములను బాగుచేయుట



మా తాతగారు గిర్మిట్ కూలిగా ఫిజీకి వచ్చి చెరకు తోటలలో పనిచేసిరి. మా నాయనగారు లంబాసాలో మోరిస్ మైనర్ కారును టాక్సీగా నడిపి మమ్ములను చదివించిరి. అందుచేతనే ఎడ్మంటన్‌లో 1959 నాటి మోరిస్ మైనర్ ఒకటి అమ్మకమునకు రాగా కొంటిని. దానిని బాగుచేయుచు నేర్చుకొన్న సంగతులను ఇక్కడ వ్రాయుచున్నాను.

అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన ఈ కారును 1948 నుండి 1971 వరకు తయారుచేసిరి. మొత్తము 16 లక్షలకు పైగా వచ్చినందున కొన్ని భాగములు నేటికిని క్రొత్తవి దొరకును. దొరకని వాటికి మూడు మార్గములు కలవు.

మొదటిది, లోపల తొడుగు వేయుట. బ్రేకు మాస్టర్ సిలిండరు డ్రైవరు పాదముల క్రింద ఉండును. తేమ వలన దాని లోపలి గోడకు తుప్పు పట్టి గుంటలు పడును. అప్పుడు క్రొత్త రబ్బరు సీలు వేసినను బ్రేకు ద్రవము నిలువదు. రంధ్రమును కొంచెము పెద్దదిగా తొలిచి, స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టమును బిగించి, లోపలి కొలతను మరల మొదటి కొలతకు తెత్తురు.

రెండవది, బుష్ వేయుట. కార్బురేటరులో గాలిని అదుపుచేయు రేకును త్రిప్పుటకు సన్నని కడ్డీ కలదు. అది తిరిగి తిరిగి తన రంధ్రమును అరగదీయును. ఆ సందున గాలి చొరబడుటచే ఇంజను నిలకడగా తిరుగదు. రంధ్రమును తొలిచి ఇత్తడి బుష్ వేసి, క్రొత్త కడ్డీ అమర్చవలెను. ఎద్దుబండి చక్రము నడుమ ఇనుప గొట్టము వేయుటయు ఇట్టి ఉపాయమే.

మూడవది, లేతు యంత్రముపై క్రొత్తగా చేయించుట. ఇందుకు పాత ముక్కయే నమూనా. ఒక పనివాడు మా కారు తలుపు గడియలోని అరిగిన ముక్కను చెత్త అనుకొని పారవేసెను. కొలుచుటకు అట్టిదే మరియొకటి దొరకుటకు నాకు సంవత్సరము పట్టినది. విరిగినదైనను పాత ముక్కను దాచుకొనుడు.

అయితే బాగుచేయకూడని భాగము ఒకటి కలదు. అది ముందు చక్రమును మోయు ట్రనియన్. దీని లోపల మరలు, అనగా చుట్టు గాడులు, ఉండును. అవి అరిగిన యెడల పట్టు వదలి చక్రము ప్రక్కకు ఒరిగిపోవును. ఒకనాడు గుడి ఆవరణ నుండి మెల్లగా బయలుదేరుచుండగా మా కారుకు అట్లే జరిగెను. ప్రక్కన మా మనుమరాలు కూర్చుండెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. తప్పు నాదే. శీతకాలమునకు ముందు కందెన పెట్టుట మరచితిని.

దీనిని పరీక్షించుటకు చక్రమును జాకీతో ఎత్తి, పైనను క్రిందను పట్టి ఊపవలెను. ఊగినచో మరియొకరిని బ్రేకు త్రొక్కుమనుడు. అప్పటికిని ఊగినచో ట్రనియన్‌ను అనుమానింపవలెను. వెల్డింగు చేయింపక, క్రొత్తదే వేయుడు. కుడివైపుది ఎడమవైపునకు సరిపోదు.

ఎడ్మంటన్‌కు సుమారు 70 కిలోమీటర్ల దక్షిణమున వెటాస్కివిన్‌లో, 1992లో తెరచిన రేనాల్డ్స్-అల్బర్టా మ్యూజియము కలదు. పాత వాహనములను బాగుచేయు పనిని అక్కడ చూడవచ్చును. పిల్లలను తీసికొనిపొండు.

కందెన అనగా ఇరుసునకు పూయు జిడ్డు. మా తాతగారు బండికి వాడిన మాట అది; నేను గ్రీజునకు అదే మాట వాడుదును. మంచు పడకముందే చక్రమును ఎత్తి, కందెన పెట్టుట మరువకుడు.