పిల్లలకు జ్వరం వస్తే...

బెంగాల్-నాగపూర్ రైల్వే కాలంలోనే ఎన్నో తెలుగు కుటుంబాలు ఉద్యోగాలకోసం ఖరగ్‌పూర్ చేరాయి. అక్కడ ఐ.ఐ.టి. పక్కనున్న ప్రేమ్ బజార్‌లోనైనా, ఇక్కడ శ్రీకాకుళంలోనైనా వర్షాకాలం వచ్చిందంటే పసిపిల్లలున్న ఇంట్లో థర్మామీటరుకు తీరిక ఉండదు. అది 102 డిగ్రీలు చూపగానే ఇంటిల్లిపాదికీ కంగారు. ఆ కంగారులో చేసే పొరపాట్లు కొన్నిసార్లు జ్వరంకన్నా ఎక్కువ హాని చేస్తాయి.

అసలు జ్వరం అంటే ఏమిటి? మన శరీర ఉష్ణోగ్రతను మెదడులోని హైపోథాలమస్ అదుపులో ఉంచుతుంది. రోగక్రిములు ప్రవేశించినప్పుడు రక్షణకణాలు కొన్ని రసాయనాలను విడుదల చేస్తాయి. వాటివల్ల ప్రోస్టాగ్లాండిన్ తయారై, హైపోథాలమస్ ఉష్ణోగ్రత మట్టాన్ని పైకి జరుపుతుంది. ఒళ్లు ఆ మట్టాన్ని అందుకునేదాకా చలి, వణుకు తప్పవు. అప్పుడు చన్నీళ్లతో తుడిస్తే వణుకు మరింత పెరుగుతుంది. దుప్పట్లు కప్పితే వేడి బయటికి పోదు. పలుచని నూలు బట్టలు, గాలి ఆడే గది చాలు.

పారాసిటమాల్ ప్రోస్టాగ్లాండిన్ తయారీని తగ్గిస్తుంది. బిడ్డకు ఉపశమనం కలుగుతుందే తప్ప రోగకారణం పోదు. కనుక బిడ్డ హుషారుగా ఆడుకుంటూ ఉంటే 101 ఉన్నా మందు వేయనక్కరలేదు, బాధపడుతుంటే వేయాలి. మోతాదును బరువునుబట్టి లెక్కించాలి: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. మళ్లీ వేయడానికి 4 నుంచి 6 గంటలు ఆగాలి. రోజుకు నాలుగుసార్లు మించకూడదు.

ఇక్కడే ఒక చిక్కుంది. పది కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు ఇవ్వాలనుకుందాం. 5 మి.లీ.లో 125 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే 6 మి.లీ. పోయాలి. ఒక్క మి.లీ.లోనే 100 మిల్లీగ్రాములుండే చుక్కల మందైతే ఒకటిన్నర మి.లీ. చాలు. సిరప్ అనుకొని చుక్కల మందు 6 మి.లీ. పోస్తే నాలుగు రెట్లు పడినట్లే! అధిక మోతాదు కాలేయాన్ని దెబ్బతీస్తుంది. సీసా మీది అంకెలు చూడకుండా మందు పోయకండి.

పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు; వైరస్ జ్వరాల్లో అది కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రేయీస్ సిండ్రోమ్‌కు దారితీయవచ్చు. పన్నెండేళ్లలోపువారికి నిమెసులైడ్‌ను మనదేశంలో 2011లో నిషేధించారు. డెంగ్యూ అనుమానముంటే ఐబుప్రొఫెన్ కూడా వద్దు. రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.

'లంఖణం పరమౌషధం' అన్న సామెత పసిపిల్లలకు పనికిరాదు. చనుబాలు మానకూడదు. గంజి, కొబ్బరినీళ్లు, జావ, ఏది తాగితే అది కొద్దికొద్దిగా ఇస్తూ ఉండాలి.

ఆరునెలలనుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో కొందరికి జ్వరంతోపాటు ఫిట్స్ వస్తాయి. చూడటానికి భయంగా ఉన్నా చాలావరకు కొద్ది నిమిషాల్లో ఆగిపోతాయి. బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా పెట్టడం, నీళ్లు పోయడం, చేతిలో తాళాలు పెట్టడం చేయకండి. అయిదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ముందే ఆగినా, మొదటిసారి వచ్చినప్పుడు డాక్టరుకు చూపించాలి.

మూడునెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీలు వస్తే ఇంట్లో ఏ మందూ వేయక డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఏ వయసులోనైనా మగత, ఆగని వాంతులు, ఆయాసం, మెడ బిగుసుకోవడం, మూత్రం తగ్గడం ప్రమాద సూచనలు. డెంగ్యూలో అసలు గండం తరచు జ్వరం దిగాకే మొదలవుతుంది. అందుకే థర్మామీటరు 98 చూపుతున్నా, బిడ్డ నీరసంగా పడి కడుపునొప్పి అంటుంటే ఆలస్యం చేయకండి.